పాట్రిక్ రస్సెల్

పాట్రిక్ రస్సెల్ (ఫిబ్రవరి 6, 1726 - జూలై 2, 1805) స్కాట్లండుకు చెందిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త. భారతదేశపు పాములను శాస్త్రీయ పద్ధతిలో పరిశీలించి, చిత్రాలతో సహా గ్రంథస్థం చేసిన తొలి పరిశోధకుడు. భారతీయ సర్పశాస్త్రానికి పితామహుడని ఈయనకు పేరు. తెలుగువారు రక్తపింజర అని పిలిచే పాముకు ఆంగ్లంలో ఉన్న రస్సెల్స్ వైపర్ అనే పేరు ఈయన స్మృత్యర్థం పెట్టినదే. ఈయన పరిశోధనలకు కేంద్రం విశాఖపట్నం. ఈ కారణం వలన ఈయన గ్రంథంలో అనేక పాములకు తెలుగు పేర్లే శీర్షికలుగా నిలిచాయి. పొలంలోనో, అడవిదారిలోనో, ఇంటి పెరట్లోనో ఎదురైన పాము ప్రాణం తీసేదా కాదా అన్నది సామాన్యుడు ఎలా తెలుసుకోవాలి అనేది రస్సెల్ ముందున్న ప్రశ్న. ఆయన సర్పశాస్త్ర కృషి అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది.

బాల్యం, విద్య

రస్సెల్ ఎడింబరో నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ రస్సెల్ న్యాయవాది. ఎడింబరోలోని ఉన్నత పాఠశాలలో గ్రీకు, లాటిన్ సాహిత్యాలు చదివిన తరువాత ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యను అభ్యసించాడు. ప్రసిద్ధ శరీరశాస్త్ర ఆచార్యుడు అలెగ్జాండర్ మన్రో ఇతని గురువులలో ఒకడు. 1750లో వైద్యశాస్త్రంలో పట్టం పొందాడు.

అలెప్పోలో

ఇతని సవతి సోదరుడు అలెగ్జాండర్ రస్సెల్ 1740 నుండి సిరియాలోని అలెప్పో నగరంలో ఆంగ్ల వర్తకుల లెవాంట్ కంపెనీకి వైద్యుడుగా ఉండేవాడు. వయసులో పాట్రిక్ కంటె సుమారు పదకొండేళ్ళు పెద్దవాడు, అరబ్బీ భాషలో దిట్ట. చదువు ముగియగానే పాట్రిక్ అన్న వద్దకు వెళ్ళాడు. 1753లో అలెగ్జాండర్ స్వదేశానికి తిరిగిపోవడంతో ఆ ఉద్యోగం తమ్మునికి సంక్రమించింది. అక్కడి పాషా ఇతనిని ఎంతగానో గౌరవించి తలపాగా బహూకరించాడట. విదేశీయునికి అది అరుదైన మర్యాద.

1760 నుండి 1762 వరకు అలెప్పోను ప్లేగు మహమ్మారి పట్టి పీడించింది. ఎలుకలపై ఉండే గోమార్ల ద్వారా ఆ వ్యాధి వ్యాపిస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. రస్సెల్ నగరం విడిచి వెళ్ళకుండా రోగుల లక్షణాలను, వ్యాధి తీరును శ్రద్ధగా నమోదు చేశాడు. అరబ్బులలో మశూచికి టీకాలు వేసే సంప్రదాయం గురించి ఈయన వ్రాసిన లేఖ 1768లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. 1771లో అలెప్పోను వదలి, ఇటలీ, ఫ్రాన్స్ దేశాల మీదుగా తిరిగి వెళ్తూ, ఓడల మీద వచ్చినవారిని కొంతకాలం విడిగా ఉంచే క్వారంటైన్ కేంద్రాలను పరిశీలించాడు. లండనులో వైద్యవృత్తి ఆరంభించి, 1777లో రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు. ప్లేగు గురించిన ఈయన బృహద్గ్రంథం చాలాకాలం తరువాత, 1791లో వెలువడింది. తెలియని ప్రమాదం ఎదురైనప్పుడు ముందుగా కంటికి కనిపించినదానిని నమోదు చేసి, ఆ పైన విన్నదానిని సరిచూడడం అనే పద్ధతి ఈయనకు అలెప్పోలోనే అలవడినది. పాముల విషయంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది.

విశాఖపట్నానికి రాక

రస్సెల్ తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. విశాఖపట్నంలో కంపెనీ పరిపాలనాధికారిగా అతనిని నియమించినప్పుడు, తమ్ముని ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉండడం చేత పాట్రిక్ కూడా వెంట వచ్చాడు. అది 1781. అప్పటికి పాట్రిక్ వయసు యాభై అయిదేళ్ళు. ఆ వయసులో చాలామంది విశ్రాంతి కోరుకుంటారు. ఈయన మాత్రం కొత్త ప్రాంతపు మొక్కలను, చేపలను, పాములను సేకరించడం మొదలుపెట్టాడు.

ఆ రోజులలో కోరమాండల్ తీరాన వృక్షశాస్త్ర పరిశోధన చేస్తున్నవారిలో లిన్నేయస్ శిష్యుడైన యోహాన్ గెరార్డ్ కోనిగ్ ముఖ్యుడు. ఆయన కంపెనీ తరఫున ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసేవాడు. 1785లో కోనిగ్ కాకినాడ సమీపాన జగన్నాథపురంలో మరణించగా, ఆ పదవి రస్సెల్‌కు దక్కింది. సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్‌తోను, లండనులోని జోసెఫ్ బ్యాంక్స్‌తోను ఈయనకు ఉత్తరప్రత్యుత్తరాలు సాగేవి. తీరప్రాంతంలో ఉపయోగపడే మొక్కల గురించి బొమ్మలతో ఒక గ్రంథం తీసుకురావాలని కంపెనీకి సూచించినవాడు రస్సెలే. ఆ సూచన నుండి పుట్టినదే రాక్స్‌బర్గ్ రచించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం. 1795లో వచ్చిన దాని మొదటి సంపుటానికి రస్సెల్ పీఠిక వ్రాశాడు.

పాముల సమస్య

ఉత్తర సర్కారులలో పాముకాటు నిత్యం వినవచ్చే విషయం. వరిపొలాలలో ఎలుకలు, ఎలుకల కోసం పాములు, కోతల వేళ ఆ పొలాలలో ఉత్త కాళ్ళతో నడిచే మనుషులు - ఈ మూడూ ఒకచోట చేరినప్పుడు కాట్లు తప్పవు. కంపెనీ సిపాయిలు, బోయీలు, సేవకులు కూడా తరచు కాటుకు గురయ్యేవారు. కనిపించిన ప్రతి పామూ విషసర్పమే అని కొందరు భయపడేవారు. నిజంగా ప్రాణాంతకమైన పామును గుర్తించలేక చేతితో పట్టుకొని మరణించేవారు మరికొందరు. ఈ రెండు పొరపాట్లకు మూలం ఒక్కటే, గుర్తు తెలియకపోవడం.

కాబట్టి విషసర్పాన్ని పైకి కనిపించే లక్షణాలను బట్టి పోల్చుకొనే సులభమైన ఉపాయం కనుగొనాలని రస్సెల్ సంకల్పించాడు. ఆ కాలంలో పాముల వర్గీకరణకు లిన్నేయస్ చూపిన పద్ధతి ఉండేది. పాము పొట్ట మీద, తోక క్రింద ఉన్న పొలుసులను లెక్కపెట్టి జాతిని నిర్ణయించడం ఆ పద్ధతి. రస్సెల్ తనకు చేరిన ప్రతి పాముకు ఈ లెక్కలు ఓపికగా వ్రాసుకొన్నాడు. కాని ఈ అంకెలు విషం ఉన్నదీ లేనిదీ చెప్పలేవని ఆయనకు తేలిపోయింది. రంగు, మచ్చలు, తల ఆకారం వంటి గుర్తులలో ఏ ఒక్కటీ అన్ని పాములకూ వర్తించదు. విషం గురించి నిశ్చయంగా చెప్పగలిగినది ఒక్కటే - పై దవడలో ముందువైపు ఉన్న కోరలు. కోరలు చూడాలంటే పామును చంపి నోరు తెరవాలి. దారిలో ఎదురైన పాము నోరు తెరచి చూడడం ఎవరికి సాధ్యం!

అంటే తాను వెదకిన సులభోపాయం లేదని రస్సెల్ స్వయంగా తెలుసుకొన్నాడన్న మాట. ఈయన కృషిలో మిక్కిలి విలువైన ఫలితం ఇదేనని చెప్పవచ్చు. త్రికోణపు తల ఉంటే విషసర్పమనీ, లేకపోతే కాదనీ నేటికీ వినిపించే మాట ఎంత ప్రమాదకరమో దీనిని బట్టి గ్రహించవచ్చు. కట్లపాము తల సన్నగానే ఉంటుంది. నాగుపాము పడగ విప్పనప్పుడు దాని తల జెర్రిపోతు తలకు పెద్దగా భిన్నంగా ఉండదు. ఒకే సూత్రం లేనప్పుడు మిగిలిన మార్గం ఒక్కొక్క పామును విడివిడిగా గుర్తుపట్టడం. రస్సెల్ ఆ దారినే పట్టాడు. ప్రతి పాముకు బొమ్మ వేయించి, కొలతలు, రంగు, పళ్ళ అమరిక వ్రాసి, స్థానికులు ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరును దానికి తగిలించాడు.

కాటుకరేకుల పొడ

స్థానికులు పెట్టిన పేర్లలో చక్కని పరిశీలన ఉన్నది. రక్తపింజరకు రస్సెల్ విన్న పేరు కాటుకరేకుల పొడ. పొడ అంటే మచ్చ. పాము వీపు మీద మూడు వరుసలుగా, కాటుకతో అంచు దిద్దిన పూరేకుల వలె కనిపించే మచ్చలను ఈ పేరు ఉన్నదున్నట్టు వర్ణిస్తుంది. కొండచిలువకు పెద్దపొడ అని పేరు. ఈ రెండు పేర్లలోనూ పొడ అనే మాట ఉండడం ఆలోచింపదగిన విషయం. పిల్ల కొండచిలువ అనుకొని రక్తపింజరను చేతితో ఎత్తి ప్రాణం మీదికి తెచ్చుకొన్నవారు ఎందరో ఉన్నారు. కొండచిలువ మచ్చలకు ఒక క్రమం ఉండదు, ఒకదానితో ఒకటి కలిసిపోయి చెదరినట్లుంటాయి. రక్తపింజర మచ్చలు గొలుసు వలె క్రమంగా ఉంటాయి. రక్తపింజర బెదిరినప్పుడు చుట్ట చుట్టుకొని బిగ్గరగా బుస కొడుతుంది. ఆ శబ్దం వినిపించగానే కదలకుండా ఆగి, అది ఎక్కడ ఉన్నదో చూసుకొని, మెల్లగా వెనుకకు తగ్గడం ఉత్తమం.

రస్సెల్ ఈ పాము చేత కుక్కలను, కోళ్ళను కరిపించి, కాటు తరువాత కనిపించిన లక్షణాలను, మరణానికి పట్టిన సమయాన్ని నమోదు చేశాడు. నేటి దృష్టితో ఇవి క్రూరమైన ప్రయోగాలే. అయితే ఈ పాము నాగుపాముకు ఏమాత్రం తీసిపోని ప్రాణాంతకమైనదని ఐరోపా శాస్త్రలోకానికి తెలిసినది వీటి వల్లనే. 1797లో జార్జ్ షా ఈ పాముకు రస్సెల్ పేరుతో శాస్త్రీయనామం పెట్టాడు. ప్రస్తుతం దీని నామం దబోయా రస్సెలీ.

బంగారు పాము కథ కూడా ఇటువంటిదే. పసుపు, నలుపు పట్టీలు గల పామును రస్సెల్ బంగారు పాము అనే తెలుగు పేరుతోనే గ్రంథంలో చేర్చాడు. ఆ మాట నుండే 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డోడిన్ బంగారస్ అనే ప్రజాతి నామాన్ని కల్పించాడు. కట్లపాములన్నీ ఇప్పుడు ప్రపంచమంతటా ఈ తెలుగు మాటతోనే వ్యవహరింపబడుతున్నాయి. సాధారణ కట్లపామును శాస్త్రలోకానికి పరిచయం చేసిన వర్ణన కూడా విశాఖపట్నం నుండి వెళ్ళినదే. చెన్నపట్నపు తీరంలోను, విశాఖ తీరంలోను జాలరుల వలలలో చిక్కే సముద్రపు పాములనూ ఆయన వదలలేదు. వీటిలో చాలావరకు విషం గలవే. వలలో నుండి చేతితో విడదీసే జాలరులకు ఈ సంగతి తెలియడం ఎంతైనా అవసరం.

రస్సెల్ వ్రాసిన పేర్లన్నీ నేటి పాఠకునికి సులభంగా అర్థం కావు. తెలుగు ఉచ్చారణను ఆంగ్ల లిపిలో తన చెవికి తోచినట్లు వ్రాసుకొనడం చేత కొన్ని పేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. వీటిని తెలుగు పండితులు, సర్పశాస్త్రజ్ఞులు కలసి పరిష్కరించవలసి ఉన్నది.

మందుల పరీక్ష

పాముకాటుకు ఆ కాలంలో అనేక మందులు ప్రచారంలో ఉండేవి. వాటిలో మిక్కిలి పేరుపొందినది తంజావూరు మాత్ర. ఇందులో పాషాణం కలిసి ఉండేది. కంపెనీ వైద్యులు సైతం దీనిని నమ్మేవారు. రస్సెల్ దీనిని పరీక్షకు పెట్టి, నమ్మదగిన విరుగుడు కాదని తేల్చాడు.

ఇటువంటి మందులకు అంత పేరు ఎలా వస్తుందన్నది ఇప్పుడు బాగా తెలిసిన విషయమే. కాట్లలో ఎక్కువ భాగం విషం లేని పాములవి. విషసర్పం కరిచినా ప్రతిసారీ విషం వదలదు. అటువంటి రోగికి ఏ మాత్ర ఇచ్చినా, ఏ మంత్రం వేసినా బ్రతుకుతాడు, ఘనత మందుకు దక్కుతుంది. నిజంగా విషం ఎక్కినవాడు మాత్రం ఆ నమ్మకం వల్ల విలువైన గంటలు పోగొట్టుకొంటాడు.

గ్రంథరచన

1789లో రస్సెల్ భారతదేశం విడిచి ఇంగ్లండు చేరుకొన్నాడు. అన్న అలెగ్జాండర్ 1756లో ప్రకటించిన అలెప్పో ప్రకృతి చరిత్రను విస్తరించి 1794లో రెండవ ముద్రణగా వెలువరించాడు. కోరమాండల్ తీరంలో సేకరించిన పాముల గురించిన గ్రంథం 1796లో కంపెనీ డైరెక్టర్ల ఆజ్ఞపై అచ్చయింది. పెద్ద ఆకారపు పుటలలో, చేతితో రంగులు వేసిన చిత్రాలతో కూడిన ఈ గ్రంథంలో విషసర్పాలు కొద్ది మాత్రమే, తక్కినవన్నీ నిరపాయకరమైనవి. భయం ఎక్కడ అవసరమో, ఎక్కడ అనవసరమో చూపడానికి ఈ లెక్క ఒక్కటే చాలు. రెండవ సంపుటం 1801 నుండి భాగాలుగా వెలువడింది. చివరి భాగాలు ఆయన మరణానంతరం వచ్చాయి. నాగుపాము పడగ ఎలా విప్పుతుందన్న విషయమై 1804లో రాయల్ సొసైటీ పత్రికలో ఆయన వ్యాసం ప్రచురితమైంది. అప్పటికి ఆయన వయసు డెబ్బై ఎనిమిది.

రస్సెల్ అవివాహితుడు. 1805 జూలై 2న లండనులో మరణించాడు.

నేటి కాలంలో

రస్సెల్ కాలంలో పాముకాటుకు నిజమైన విరుగుడు లేదు. 1890 దశకంలో ఆల్బర్ట్ కాల్మెట్ తదితరుల కృషితో విరుగుడు సీరం తయారయింది. ప్రస్తుతం భారతదేశంలో దొరికే సీరం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర అనే నాలుగు పాముల విషానికి పనిచేస్తుంది. రస్సెల్ హొరట్టా పాము అని వ్రాసినది ఈ ఇసుక పింజరనే. బంగారు పాముకు, రాచనాగుకు, సముద్రపు పాములకు ఈ సీరం ఉద్దేశింపబడలేదు.

మందు ఉన్నా మరణాలు ఆగలేదు. 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుండి 2019 వరకు భారతదేశంలో పాముకాటు మరణాలు సుమారు 12 లక్షలు, అనగా సగటున ఏటా 58,000. వీటిలో అధికభాగం గ్రామాలలో, వానకాలంలో సంభవించినవి. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో తెలంగాణతో కూడిన ఆంధ్ర ప్రదేశ్ ఒకటి. కాట్లలో రక్తపింజర వాటా చాలా పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని భారత ప్రభుత్వం 2024లో ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

రస్సెల్ పరిశీలించిన పాముల స్వభావాన్ని బట్టి ఎవరు ఎప్పుడు జాగ్రత్తపడవలసినదీ చెప్పవచ్చు. రక్తపింజర పొలాలలో, గడ్డివాముల వద్ద, గట్ల మీద ఉంటుంది, కాటు ఎక్కువగా పాదానికి, పిక్కకు తగులుతుంది. పొలం పనిలో మోకాళ్ళ వరకు వచ్చే బూట్లు, చీకటిలో టార్చిలైటు ఈ కాట్లలో చాలావాటిని తప్పిస్తాయి. గడ్డిలో చేయి పెట్టే ముందు కర్రతో కదపడం పాత రైతులకు తెలిసిన పద్ధతే. కట్లపాము రాత్రివేళ ఇంటిలోనికి వచ్చి నేల మీద పడుకొన్నవారిని కరుస్తుంది. ఆ కాటు నొప్పి పుట్టదు, ఒక్కొక్కసారి గాటు కూడా కనిపించదు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోవడం, కడుపునొప్పి, మింగలేకపోవడం మాత్రమే సూచనలు. మంచం మీద, అంచులు పరుపు క్రిందికి దోపిన దోమతెరలో పడుకొనడం దీనికి తగిన రక్షణ. విషం లేని తోడేలుపాము చూడడానికి కట్లపాము వలె ఉంటుంది గనుక, చారలున్న పామును తోడేలుపాము అని తీర్మానించి పట్టుకొనే సాహసం ఎవరూ చేయరాదు.

కాటు పడినప్పుడు గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం, త్రాడుతో బిగించి కట్టడం హాని చేస్తాయి. కరిచిన చేయి లేక కాలిని కదలకుండా బద్దతో ఉంచి, ఉంగరాలు, మట్టెలు, గాజులు తీసివేసి, సీరం ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. పామును వెదకి చంపి తీసుకుపోయే ప్రయత్నంలో రెండవ మనిషి కాటుకు గురైన సందర్భాలున్నాయి. వైద్యునికి పాము అవసరం లేదు. రోగి రక్తాన్ని శుభ్రమైన పొడి గాజుగొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టకపోతే పింజర జాతి విషం ఎక్కినట్లు నిర్ణయిస్తారు. రెప్పలు వాలడం, ఊపిరి అందకపోవడం నాగుపాము, కట్లపాము విషాలకు లక్షణం. పాము ఏదో తెలియకపోయినా నాలుగింటికీ సీరం ఒక్కటే. విశాఖపట్నంలో రస్సెల్‌ను వేధించిన ప్రశ్నకు పాము శరీరం మీద దొరకని సమాధానం ఈ విధంగా రోగి శరీరంలో దొరికింది.

ఇతర కృషి

పాములంత ప్రసిద్ధి పొందకపోయినా రస్సెల్ చేపల గ్రంథం తక్కువది కాదు. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, చిత్రాలు 1803లో రెండు సంపుటాలుగా వెలువడ్డాయి. ఈ బొమ్మలను వేసినవాడు స్థానిక చిత్రకారుడు. ఇందులోనూ తెలుగు జాలరులు చెప్పిన పేర్లే ఉన్నాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యువియే తన రచనలలో ఈ గ్రంథాన్ని విరివిగా ఉపయోగించుకొన్నాడు. వెదురు కణుపులలో దొరికే తవక్షీరి గురించి రస్సెల్ వ్రాసిన వ్యాసం 1790లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. హిందూ మహాసముద్రంలో దొరికే కొన్ని చేపలకు కూడా రస్సెల్ పేరు పెట్టారు. తోటలలో ఎర్రని గొట్టపు పూలతో వ్రేలాడే రస్సెలియా మొక్క పేరు మాత్రం ఈయనది కాదు, అన్న అలెగ్జాండర్‌ది.